ఎంసీబీ ఉంది కదా అన్న ధీమా

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో కొత్త ఇల్లు, ఫామ్‌హౌస్, రిసార్టు, ఫంక్షన్ హాల్ ఏది లేచినా కరెంటు పని దగ్గర ఒకటే మాట వినబడుతుంది. మంచి కంపెనీ వైరు వేశాం, గదికో ఎంసీబీ పెట్టాం, మెయిన్‌లో ఆర్‌సీసీబీ ఉంది, ఎర్తింగ్ గుంత తీశాం, ఇక కరెంటు మంటల భయం లేదు అంటారు. కాంట్రాక్టర్ ఈ మాట చెబుతాడు, యజమాని నమ్ముతాడు, ఇంజనీరు అభ్యంతరం పెట్టడు. వైరింగ్‌లో నిప్పురవ్వలుగా దూకే కరెంటును గుర్తించి తెంచే ఆర్క్ ఫాల్ట్ రక్షణ సంగతి ఎవరైనా ఎత్తితే, అది అమెరికాలో 120 వోల్టుల చెక్క ఇళ్ల కోసం పుట్టిన పరికరమనీ, ఇటుక గోడలూ 230 వోల్టులూ ఉన్న మనకు అక్కర్లేదనీ, కంపెనీలు సరుకు అమ్ముకోవడానికి తెచ్చిన ఖర్చనీ తేల్చేస్తారు.

ఈ వాదనలో నిజం లేకపోలేదు. కటౌట్‌లో ఫ్యూజు పోతే చేతికందిన రాగి పోగు మెలేసి పెట్టే రోజుల నుంచి మనల్ని బయటపడేసింది ఎంసీబీయే. తడి చేత్తో స్టార్టర్ డబ్బా ముట్టుకున్న మనిషి ప్రాణం నిలిపేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీయే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తన భద్రతా నిబంధనల్లో లీకేజీ రక్షణ కోరడం సరైన పనే. ఇటుక గోడ చెక్క గోడలా అంటుకోదన్నదీ నిజమే. కొన్నిచోట్ల ఆర్క్ రక్షణను 2016లో తప్పనిసరి చేసిన జర్మనీ, కొన్నేళ్లకే ఆ నిబంధనను సడలించి, ప్రమాదాన్ని అంచనా వేసుకుని నిర్ణయించుకోమంది. బ్రిటన్ 2022లో ఎత్తైన నివాస భవనాలు, విద్యార్థుల వసతి గృహాలు, వృద్ధుల సంరక్షణ గృహాలు, పలువురు అద్దెకుండే ఇళ్ల సాకెట్ సర్క్యూట్లకు మాత్రమే తప్పనిసరి చేసి, మిగతాచోట్ల సిఫారసుతో ఆగింది. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ‘ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఉంటే చాలు’ అన్న తీర్పు నిలవదు. ఈ రెండు మండలాల విషయంలో అసలే నిలవదు.

1. ఎంసీబీ దేన్ని చూస్తుంది, దేన్ని చూడదు

ఎంసీబీ లోపల రెండు ఏర్పాట్లుంటాయి. వేడికి వంగే లోహపు పట్టీ ఒకటి. లోడు మితిమీరితే ఇది నిదానంగా పనిచేస్తుంది. రెండోది కాయిల్. కరెంటు ఒక్కసారిగా ఎగిసిపడితే రెప్పపాటులో తెంచేస్తుంది. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీని తీసుకుందాం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్లు, గంటసేపు ప్రవహించినా అది పడిపోకూడదు. 1.45 రెట్లు, అంటే సుమారు 23 ఆంపియర్లు ప్రవహిస్తే గంటలోపు పడాలి. కాయిల్ వెంటనే లాగాలంటే 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. దీన్ని లోపమనలేం. గోడలోని వైరు మోయలేనంత కరెంటు పోకుండా చూడటం కోసమే దాన్ని చేశారు, ఆ పని అది బాగానే చేస్తుంది.

ఇప్పుడు స్నానాలగది గీజరు దగ్గరికి వద్దాం. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర తీసుకునేది దాదాపు 8.7 ఆంపియర్లు. దాని ప్లగ్ సాకెట్ వెనక స్క్రూ వదులైంది. వైరుకూ టెర్మినల్‌కూ మధ్య వెంట్రుకవాసి ఎడం ఏర్పడింది. ఆ ఎడంలో కరెంటు గాలిని చీల్చుకుని దూకుతుంది. ఇదే సిరీస్ ఆర్క్. ఆ ఆర్క్ గీజరుతో ఒకే వరసలో ఉంది కాబట్టి కరెంటు 8.7 ఆంపియర్ల కన్నా తగ్గుతుంది తప్ప పెరగదు. ఎంసీబీ లెక్కలో ఆ సర్క్యూట్ మామూలు రోజు కన్నా నెమ్మదిగా ఉంది. అక్కడ, ఆ మిల్లీమీటరు జాగాలో, ఆర్క్ నడుమ వేడి అయిదారు వేల డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. రాగి 1,085 డిగ్రీలకే కరుగుతుంది. మామూలు పీవీసీ తొడుగును 70 డిగ్రీల పని వేడికి చేస్తారు. ఆర్క్ మీద పాతిక వోల్టులు పడ్డాయనుకున్నా దాదాపు 200 వాట్ల శక్తి అక్కడ ఖర్చవుతుంది. సెల్‌ఫోన్ రిపేరు షాపులో సీసం కరిగించే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు ఎనిమిదింటిని బియ్యపుగింజంత చోట ఆనించినట్టు. కాలిన పీవీసీ బొగ్గవుతుంది, ఆ బొగ్గు కరెంటును మోస్తుంది, దాంతో ఆర్క్‌కు స్థిరమైన దారి దొరుకుతుంది. ఇదంతా రోజులో, వారాలో, నెలలో సాగవచ్చు. అంతసేపూ ఎంసీబీ మీట పైకే ఉంటుంది.

మన ఆలోచనలోని అసలు పగులు ఇక్కడే ఉంది. మంట చెలరేగగానే షార్ట్ సర్క్యూట్ అంటాం. అదే నోటితో, షార్ట్ సర్క్యూట్‌కు ఎంసీబీ ఉంది కాబట్టి భయం లేదంటాం. రెండూ ఒకేసారి నిజం కావడం కష్టం. నిజంగా షార్టే అయి, ఎంసీబీ సరైనదే అయితే, అది తెంచి ఉండాలి. తెంచకపోవడానికి కారణం నాసిరకం ఎంసీబీ అయినా కావాలి, తప్పు రేటింగ్ అయినా కావాలి, లేదా ఎంసీబీ చూపుకు అందని లోపమైనా కావాలి. మొదటి రెండింటినీ తనిఖీ చేయవచ్చు. మూడోదాన్ని లెక్కలోకే తీసుకోని వాదన, తనకు అనుకూలమైన ప్రమాదాలనే ప్రమాదాలుగా గుర్తిస్తోంది.

2. దూరం లెక్క

సిరీస్ ఆర్క్‌ను ఒప్పుకున్నవాళ్లు కూడా, ఫేజు నేరుగా న్యూట్రల్‌ను తాకితే ఎంసీబీ కొట్టేస్తుంది కదా అంటారు. నగరంలో రెండు పడకగదుల ఫ్లాట్‌కు ఈ మాట చాలావరకు సరిపోతుంది. చేవెళ్ల, మొయినాబాద్‌లకు సరిపోదు. 1996 మార్చి 8 నాటి 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు గీసింది. దాంతో ఇక్కడ కట్టడాలు ఒకదానినొకటి ఆనుకుని లేవలేదు. ఎకరం, అరెకరం జాగాల్లో విడివిడిగా లేచాయి. మీటరు రోడ్డు పక్క గేటు దగ్గర, ఇల్లు తోట నడుమ, కాపలాదారు గది ఇంకో మూల, బోరు ఇంకెక్కడో, గోడ పొడవునా లైట్లు. ఒక్కో లైను 80, 100 మీటర్లు పరుగెత్తడం ఇక్కడ మామూలు.

లెక్క వేద్దాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు కిలోమీటరుకు దాదాపు 12 ఓముల నిరోధం ఉంటుంది. 100 మీటర్ల దూరానికి పోనూరానూ 200 మీటర్లు, అంటే సుమారు 2.4 ఓములు. ఆ చివర ఫేజూ న్యూట్రలూ గట్టిగా కలిసిపోయినా 230 వోల్టులు నెట్టగలిగేది 95 ఆంపియర్లు. వైరును 2.5 చదరపు మిల్లీమీటర్లకు పెంచితే 155 ఆంపియర్లు. ఇందులో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీటరు దాకా ఉన్న సర్వీస్ వైరు నిరోధం ఇంకా కలపలేదు. పొలాల మీదుగా వచ్చే లైన్లలో అది తక్కువేమీ కాదు. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ కాయిల్ కచ్చితంగా లాగుతుందన్న హామీ 160 ఆంపియర్ల దగ్గర మొదలవుతుంది. అంటే, వంద మీటర్ల చివర నిజమైన షార్ట్ జరిగినా, ‘వెంటనే తెంచడం’ అన్నది హామీగా చెప్పగలిగిన సంగతి కాదు. లోహపు పట్టీ వేడెక్కి కొన్ని సెకన్ల తర్వాత తెంచుతుంది.

అదీ గట్టిగా కలిస్తేనే. ఎలుక కొరికిన చోట, పలుగు తగిలి తొడుగు చిరిగిన కేబుల్‌లో, గేటు తీసీ వేసీ నలిగిన వైరులో ఫేజూ న్యూట్రలూ గట్టిగా కలవవు. నిప్పురవ్వలు విసురుతూ తాకీ తాకనట్టు ఉంటాయి. ఆర్క్‌కు తన సొంత నిరోధం ఉంటుంది, అది కరెంటును ఇంకా తగ్గిస్తుంది. ఒక క్షణం వచ్చి, రెండు క్షణాలు ఆగి, మళ్లీ వస్తుంది. ఆగినప్పుడల్లా లోహపు పట్టీ చల్లబడుతుంది. ఎంసీబీ ఎన్నటికీ తెంచేంత వేడెక్కకపోవచ్చు. కరిగిన రాగి చుక్కలు మాత్రం ఎండు గడ్డి మీద పడుతూనే ఉంటాయి. వారాంతం కోసం కట్టిన ఇల్లు సోమవారం నుంచి శుక్రవారం దాకా తాళం వేసి ఉంటుంది. ఫ్రిజ్, సీసీటీవీ, ఆటోమేటిక్ పంపు నడుస్తూనే ఉంటాయి. వాసన పట్టే మనిషి ఉండడు. ఊరి నడుమ ఇంట్లో మనిషి ముక్కు చేసే పని ఇక్కడ ఏ పరికరమూ చేయడం లేదు.

3. ఆర్‌సీసీబీ సంగతి

ఇది పొట్టి చర్చ. ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే: ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా. సిరీస్ ఆర్క్‌లో పోయినదంతా తిరిగొస్తుంది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఆర్క్‌లోనూ అంతే. తేడా లేదు కాబట్టి అది కదలదు. ఆర్క్ ఎర్త్‌ను తాకితే మాత్రం బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. ప్లాస్టిక్ బాక్సుల్లో, చెక్క ప్యానెళ్ల వెనక, ఎర్త్ వైరే లేని రెండు పోగుల తాత్కాలిక వైర్లలో ఆ ఎర్త్ ఎక్కడిది? ప్రాణరక్షణకు దాన్ని మించింది లేదు. మంటల విషయంలో అది ఒక మూలకే కాపలా.

4. ‘మన వోల్టేజీ వేరు, మన గోడలు వేరు’

అమెరికా వాదన వినడానికి బలంగా ఉంటుంది, లెక్కలో తేలిపోతుంది. ఒకే వాటేజీకి 230 వోల్టుల దగ్గర కరెంటు దాదాపు సగం, కాబట్టి ఆర్క్ శక్తి కొంత తక్కువన్నది ఒప్పుకోవాల్సిందే. అయితే ఆర్క్ బతకడానికి కావాల్సింది కరెంటు ఒక్కటే కాదు. 50 హెర్ట్జ్ సరఫరాలో కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. ప్రతిసారీ ఆర్క్ ఆరి, మళ్లీ అంటుకోవాలి. మళ్లీ అంటించేది వోల్టేజీ. 120 వోల్టుల సరఫరా శిఖరం 170 వోల్టులు, మనది 325. ఆరిన ఆర్క్ తిరిగి లేవడానికి మన సరఫరాయే ఎక్కువ అనుకూలం. 230 వోల్టుల దేశాలకు ఈ సమస్య లేకపోతే, ఆ వోల్టేజీకి తగిన ఆర్క్ గుర్తింపు పరికరాల కోసం 2013లో ఐఈసీ 62606 అనే ప్రత్యేక అంతర్జాతీయ ప్రమాణం ఎందుకు వచ్చినట్టు? ఆ ప్రమాణం 2.5 ఆంపియర్ల ఆర్క్‌ను ఒక సెకనులో, 16 ఆంపియర్ల ఆర్క్‌ను 0.15 సెకనులో తెంచమంటుంది. ఎంసీబీ కంటికే ఆనని కరెంట్లు ఇవి.

ఇక ఇటుక గోడ. గోడ అంటుకోదు సరే, గోడకు ఆనించి ఉన్నదేమిటి? ఫాల్స్ సీలింగ్ పైన దుమ్ములో పడి ఉన్న జాయింట్లు, ప్లైవుడ్ వార్డ్‌రోబ్ లోపలి సాకెట్లు, హోమ్ థియేటర్ గదిలో స్పాంజి ప్యానెళ్లు, పరదాలు, పరుపులు. రిసార్టుల్లో కాటేజీలను చెక్కతోనే కడుతున్నారు, కొన్నిటిపైన గడ్డి కప్పు వేస్తున్నారు. పూలకూ కూరగాయలకూ పేరుపడ్డ ఈ ప్రాంతంలో పాలీహౌసులు చాలా లేచాయి. తెలంగాణ ప్రభుత్వం ఒక దశలో వాటికి 75 శాతం సబ్సిడీ ఇచ్చింది. పాలీహౌస్ అంటే ఇనుప చట్రం మీద పాలిథీన్ షీటు. లోపల ఎప్పుడూ తేమ, ఫాగర్ల తుంపర, ఎరువుల ఆవిరి. టెర్మినళ్లు తుప్పు పట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. ఇటుక గోడ మీద పెట్టుకున్న ధైర్యం ఇక్కడ దేనికీ కొరగాదు.

5. ‘పని సరిగ్గా చేస్తే ఆర్కే రాదు’

అన్ని అభ్యంతరాల్లోకీ గౌరవించదగినది ఇదే. నిజాయితీగా పనిచేసే ఎలక్ట్రీషియన్లు చెప్పే మాట ఇది. స్క్రూ తగినంత బిగించి, లగ్గులు సరిగ్గా నొక్కి, రాగీ అల్యూమినియం కలిసే చోట దానికి తగిన కనెక్టర్ వాడితే చాలా ఆర్కులు పుట్టవు. మంచి పనికి పరికరం ప్రత్యామ్నాయం కాదు. అసలు వదులు జాయింట్ ఆర్క్ కాకముందు ఎర్రగా కాగుతూ ఉండే దశ ఒకటుంది. ఆ దశను ఆర్క్ పరికరం కూడా పట్టుకోకపోవచ్చు. కాబట్టి మంచి పని ముందు, పరికరం తర్వాత. ఇందులో పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, పని బాగుండటం ఆ రోజు సంగతి. వైరు గోడలో ఉండేది ముప్పై నలభై ఏళ్లు. వేడెక్కీ చల్లబడీ స్క్రూలు వాటంతటవే వదులవుతాయి. అల్యూమినియం ఒత్తిడికి మెత్తగా జారుతుంది. ఏసీలు పెరుగుతాయి. ఫోటో ఫ్రేముకు కొట్టిన మేకు గోడలోని వైరును గీసుకుపోతుంది. ఎలుక ఎలక్ట్రీషియన్ లైసెన్సు చూసి వైరు కొరకదు. ఇంకా ముఖ్యంగా, ఫంక్షన్ హాల్ లాంటి చోట కట్టినవాడి వైరింగ్‌కు వాడుకునేవాడి వైరింగ్ ప్రతి పెళ్లికీ తోడవుతుంది. డెకరేషన్ వాళ్లు సీరియల్ సెట్లు తెస్తారు, ప్లగ్ టాప్ లేకుండా వైరు చివరలు సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లతో బిగిస్తారు, జాయింట్లు మెలేసి టేపు చుడతారు, వాటి మీదుగా గుడ్డలూ థర్మోకోలూ కట్టి వందల మందిని కూర్చోబెడతారు. హాల్ కట్టిన ఇంజనీరు ఎంత శ్రద్ధగా కట్టినా ఆ రాత్రి వైరింగ్ అతని చేతిలో లేదు. సాకెట్ సర్క్యూట్ మీద ఆర్క్ రక్షణ ఉంటే, సాకెట్‌కు అవతల వేలాడే ఆ వైరులోని ఆర్క్‌ను కూడా అది గుర్తించే అవకాశం ఉంది. మనుషుల క్రమశిక్షణ మీద మాత్రమే నిలబడే భద్రత, క్రమశిక్షణ తప్పిన మొదటి రాత్రే కూలుతుంది. ఎంసీబీని మనం అందుకే పెట్టుకున్నాం. లోడు మించకుండా జాగ్రత్తపడితే ఎంసీబీ ఎందుకు అని ఎవరూ అడగరు కదా.

6. ‘ఆధారాలేవి?’

ఆర్క్ వల్ల ఇన్ని మంటలు లేచాయని, ఆర్క్ పరికరం ఇన్ని ఆపిందని మన దగ్గర లెక్క లేదు, కాబట్టి అవసరం నిరూపణ కాలేదు అంటారు. లెక్క ఎందుకు లేదో అడగాలి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి మంటల్లో తొమ్మిది మంది చనిపోయారు. సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చి 16న పొగకు ఊపిరాడక ఆరుగురు యువతీయువకులు పోయారు. చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18 తెల్లవారుతుండగా చిన్నపిల్లలతో సహా 17 మంది పోయారు. మూడింటిలోనూ మొదట బయటికొచ్చిన మాట షార్ట్ సర్క్యూటే. ఈ మూడు చోట్లా ఆర్క్ పరికరం ఉంటే ప్రాణాలు దక్కేవని నేను అనడం లేదు. విద్యుత్ కేంద్రపు ప్యానెళ్లకు కావాల్సిన రక్షణ వేరు, ఇంటి సర్క్యూట్‌కు కావాల్సింది వేరు. మెయిన్ బోర్డుకు ముందు పుట్టిన లోపాన్ని దాని తర్వాత కూర్చున్న పరికరం ఆపలేదు. మెట్లదారి ఇరుకైతే, బయటికి దారి లేకపోతే ఏ బ్రేకరూ మనిషిని మోసుకురాదు. నా మాట వేరు. ఇన్ని చావుల తర్వాత కూడా మంట ఏ తరహా విద్యుత్ లోపంతో మొదలైందో విడదీసి నమోదు చేసే అలవాటు మనకు రాలేదు.

కాలిన వైరు చివర కరిగిన రాగి పూస ఒక సాక్ష్యం. ఎక్కడెక్కడ ఆర్క్ జరిగిందో గుర్తులు పెట్టుకుంటూ పోతే మంట మొదలైన చోటు దొరికే పద్ధతి ప్రపంచంలో ఉంది. ఇంకో చిక్కు కూడా ఉంది. వేరే కారణంతో మంట లేచినా, ఆ వేడికి తొడుగు కరిగి వైర్లు కలిసి షార్ట్ అవుతాయి. కాబట్టి షార్ట్ గుర్తు కనిపించడం కారణమూ కావచ్చు, ఫలితమూ కావచ్చు. ఈ తేడా తేల్చకుండా శిథిలాలు ఊడ్చేసి, నివేదికలో ఒక్క మాట రాసి మూసేస్తే ఆర్క్ ఏ లెక్కలోకీ రాదు. వెతకకపోవడాన్ని లేకపోవడానికి రుజువుగా చూపడం తర్కం కాదు. అమెరికా తన జాతీయ విద్యుత్ కోడ్ 1999 సంచికలో పడకగదుల సాకెట్లకు దీన్ని చేర్చి 2002 నుంచి అమలుకు తెచ్చింది. 2008లో చాలా నివాస గదులకు, 2014లో వంటగదికీ బట్టలుతికే చోటుకూ విస్తరించింది. పనికిరాని నిబంధన అయితే సంచిక సంచికకూ పెరిగేది కాదు. జర్మనీ వెనక్కి తగ్గిందనేవాళ్లు ఆ దేశం ఏమని తగ్గిందో కూడా చెప్పాలి. పడుకునే గదుల్లో, మంటకు తేలిగ్గా లొంగే సామగ్రి ఉన్న చోట్ల ప్రమాదాన్ని అంచనా వేయమంది. ఆ అంచనా మనం ఎన్ని ఇళ్లకు వేశాం?

7. ‘ఊరికే పడిపోతుంది, ఖరీదెక్కువ’

తొలి తరం ఆర్క్ పరికరాలు వాక్యూమ్ క్లీనర్ మోటారు నిప్పురవ్వలను కూడా లోపమనుకుని తెంచేసి అమెరికాలో చెడ్డపేరు తెచ్చుకున్న మాట నిజం. ఇప్పటి ప్రమాణంలో మోటార్లు, డిమ్మర్లు, ఎలక్ట్రానిక్ పవర్ సప్లైలు నడుస్తుండగా పరికరం అనవసరంగా పడకూడదన్న పరీక్షలున్నాయి. అయినా ఎప్పుడో ఒకసారి పడొచ్చు. పదేపదే పడితే మాత్రం ముందు అనుమానించాల్సింది వదులు కనెక్షన్‌ను. వానాకాలంలో ఆర్‌సీసీబీ పడుతోందని దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపే అలవాటు మన దగ్గర ఉంది. ఆ అలవాటును చూపి ఆర్‌సీసీబీయే వద్దని ఎవరూ అనడం లేదు. ఇక్కడ మాత్రం ఎందుకనాలి?

ఖరీదు విషయంలో దాపరికం అక్కర్లేదు. ఎంసీబీ వందల్లో వస్తే ఇది వేలల్లో ఉంటుంది. రెండు గదుల ఇల్లు కట్టుకునే రైతును ప్రతి సర్క్యూట్‌కూ పెట్టమనడం అన్యాయం. నేను అడుగుతున్నది ఆ రైతును కాదు. స్విమ్మింగ్ పూల్, ఇటాలియన్ మార్బుల్, తోటంతా అలంకార దీపాలు పెట్టే ఫామ్‌హౌస్‌ను, రాత్రికి గది అద్దె తీసుకునే రిసార్టును, టిక్కెట్టో కిరాయో తీసుకుని వందల మందిని పోగేసే హాల్‌ను. అక్కడ నాలుగైదు పరికరాల ఖర్చు మొత్తం నిర్మాణ వ్యయంలో ఎక్కడా కనిపించదు. డబ్బు లేక కాదు, ఎవరూ అడగక పెట్టడం లేదు.

ఇంకో సాంకేతిక సంగతి ఈ ఖర్చు చర్చను మార్చేస్తుంది. ఆర్క్ పరికరం గుండా ఒక సర్క్యూట్ ఫేజుతో పాటు అదే సర్క్యూట్ న్యూట్రల్ కూడా పోవాలి. మన బోర్డుల్లో పలు సర్క్యూట్ల న్యూట్రళ్లను ఒకటిగా కలిపేయడం ఆనవాయితీ. ప్లాస్టరింగ్ అయ్యాక వాటిని విడదీయాలంటే గోడలు చెక్కాలి. వైరింగ్ వేసేటప్పుడే ఏ సర్క్యూట్ న్యూట్రల్ దానికే ఉంచితే ఖర్చు కొద్దిపాటి వైరు మాత్రమే. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో 111 హద్దులను తొలగించే దారి తెరిచింది. 2025 మొదట్లో చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలయ్యాయి. ఇక్కడ రాబోయే పదేళ్లలో గోడల్లోకి వెళ్లే వైరు ఇప్పటిదాకా వెళ్లినదాని కన్నా ఎక్కువే ఉంటుంది. తర్వాత చూద్దాం అనడమంటే, తర్వాత చేయలేకుండా ఇప్పుడే గోడ కట్టేయడం.

8. సోలార్ పైకప్పు: ఎవరూ ఎత్తని ప్రశ్న

‘ఎంసీబీ చాలు’ అనే వాదన పూర్తిగా చేతులెత్తేసేది ఇక్కడ. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఇస్తోంది. ఇళ్ల మీద, షెడ్ల మీద, పార్కింగుల మీద పలకలు లేస్తున్నాయి. పలకలను వరసగా కలిపితే డీసీ వోల్టేజీ 300 దాటవచ్చు, పెద్ద వ్యవస్థల్లో ఇంకా పెరుగుతుంది. ఏసీ ఆర్క్ సెకనుకు 100 సార్లు ఆరే అవకాశం ఉన్నది. డీసీకి సున్నా లేదు. ఒకసారి అంటుకుంటే ఎండ ఉన్నంతసేపూ ఆరకపోవచ్చు. పైగా ఎండలో పలక ఇచ్చే షార్ట్ కరెంటుకూ మామూలు కరెంటుకూ తేడా స్వల్పం. కాబట్టి కరెంటు పెరిగితే తెంచుతా అనే పరికరానికి ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ దొరకదు. రెండు వేర్వేరు కంపెనీల కనెక్టర్లను బలవంతంగా జత చేయడం, సరిగ్గా నొక్కని పిన్ను, కోతులు లాగిన కేబుల్, ఇవన్నీ డీసీ ఆర్క్‌కు పుట్టిళ్లు. అమెరికా కోడ్ 2011లోనే 80 వోల్టులు దాటిన సోలార్ వ్యవస్థలకు డీసీ ఆర్క్ రక్షణ కోరింది. ఇన్వర్టర్లు కొన్నిటిలో ఈ ఏర్పాటు ఇప్పటికే ఉంటుంది. కొన్నిటిలో సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేయాలి. ఆన్ చేశారా అని అడిగే కాలమ్ పరిశీలన పత్రంలో ఉండాలి.

9. ఏం చేయాలి

చేవెళ్ల, మొయినాబాద్ మున్సిపాలిటీలు కొత్త నిర్మాణాలకు అనుమతి ఇచ్చేటప్పుడే కొన్ని షరతులు పెట్టాలి. ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, హాస్టళ్లు, పెద్ద ఫామ్‌హౌసుల్లో పడుకునే గదుల సర్క్యూట్లకూ, జనం చేరే హాల్ సాకెట్ సర్క్యూట్లకూ ఆర్క్ గుర్తింపు పరికరం ఉండాలి. ప్రతి కొత్త ఇంట్లో, చిన్నదైనా సరే, ఏ సర్క్యూట్ న్యూట్రల్ దానికే విడిగా ఉండాలి. ఆర్క్ రక్షణ ఆన్ చేయని సోలార్ ఇన్వర్టర్‌ను దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ గ్రిడ్‌కు కలపకూడదు. 60 మీటర్లు దాటిన ప్రతి లైనుకూ చివర షార్ట్ అయితే ఎంత కరెంటు వస్తుందో లెక్క కాగితం మీద చూపించాలి. అది చాలకపోతే వైరు మందం పెంచాలి, లేదా మూడు నుంచి అయిదు రెట్ల దగ్గరే లాగే బి రకం ఎంసీబీ పెట్టాలి. ఈ చివరి పనికి కొత్త పరికరమే అక్కర్లేదు.

పాత కట్టడాల్లో మూడు ఫేజుల మోటార్లు, స్టార్టర్ డబ్బాలు, మీటరు ముందరి సర్వీస్ జాయింట్లు ఉంటాయి. వీటికి ఇంటి ఆర్క్ పరికరం పనికిరాదు. వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా వచ్చాక ఆ డబ్బాలు రాత్రింబగళ్లు కరెంటు మీదే ఉంటున్నాయి. వాటికి ఏటా వానలకు ముందు బిగింపు తనిఖీ, థర్మల్ కెమెరాతో ఒక చూపు కావాలి. మంట జరిగిన ప్రతిచోటా కాలిన బోర్డును, ఎంసీబీ మీటలు ఏ స్థితిలో ఉన్నాయో ఫోటోలతో సహా, ఊడ్చేయకముందే అగ్నిమాపక శాఖ, విద్యుత్ తనిఖీ శాఖ కలిసి స్వాధీనం చేసుకోవాలి. మీట పైకే ఉండి, దాని కింది సర్క్యూట్ కాలి ఉంటే నివేదికలో ఆ సంగతి రాయాలి. అలాంటి నివేదికలు పది పోగయ్యాక, ఎంసీబీ చాలు అనేవాళ్లు వాటికి జవాబు చెప్పాలి.